వెనక చక్రాల కారులో పట్టు ఎక్కడ పోతుంది? గట్టి స్ప్రింగులు దానికి మందు కాదు

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. డాలస్‌లో ఉంటున్నారు, 2018 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, మాన్యువల్ గేర్లది, వాడినది కొన్నారు. ఇది వెనక చక్రాల కారు, అంటే ఇంజను బలమంతా వెనక చక్రాలకే అందుతుంది. మొదటి గేరులో, రెండో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక చక్రాలు నిలిచినచోటే తిరుగుతున్నాయి. బండి వెనక భాగం కిందికి కూర్చుంటోంది. ఒక్కోసారి వెనక నుంచి దడదడమని కొట్టుకుంటోంది. జనవరి ఉదయాల్లో ఇది మరీ ఎక్కువగా ఉంది. వర్క్‌షాపులో గట్టి స్ప్రింగులు వేసి, బండిని ఒక అంగుళం కిందికి దించితే సరిపోతుందన్నారు. మార్చిలో ఆస్టిన్ ట్రాక్ మీదికి వెళ్ళే లోపు ఆ పని చేయించాలా అన్నది ప్రశ్న.

చేయించకండి. కనీసం ఇప్పుడే చేయించకండి. మీరు చెప్పిన లక్షణాలు మూడు, వాటికి కారణాలు కూడా మూడు. గట్టి స్ప్రింగు ఆ మూడింటిలో దేన్నీ సరిగ్గా పట్టుకోదు, ఒకదాన్ని మాత్రం తప్పకుండా ముదరబెడుతుంది. పదిహేనేళ్ళకు పైగా వెనక చక్రాల కార్లతో ట్రాక్ మీద తిరుగుతున్నాను. ఈ ఒక్క అపోహ వల్ల మంచి కార్లు పాడవడం చాలాసార్లు చూశాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

బండి వెనక భాగం కిందికి కూర్చోవడం వేరు, బరువు వెనక్కి వెళ్ళడం వేరు. చూడటానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. ఊళ్ళో ట్రాక్టరును గుర్తు చేసుకోండి. మామూలు ట్రాక్టరుకు వెనక ఇరుసు దగ్గర స్ప్రింగులే ఉండవు, కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు. అయినా బురదలో దిగబడ్డప్పుడు డ్రైవరు ఒక్కసారిగా తొక్కితే ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. ముందు నుంచి పోయిన బరువంతా వెనక టైర్ల మీదికే వెళ్ళింది, అదీ స్ప్రింగు సాయం లేకుండానే. అదే రైతు వెనక టైర్లలో నీళ్ళు ఎందుకు నింపిస్తాడో కూడా మనకు తెలుసు. టైరు మీద ఎంత బరువు ఉంటే అంత పట్టు.

మీ కారుకు ఇదే లెక్క కట్టి చూద్దాం. ఒట్టి బరువు సుమారు 1700 కిలోలు. అందులో వెనక ఇరుసు మీద 46 శాతం, అంటే దాదాపు 780 కిలోలు అనుకుందాం. రెండు ఇరుసుల మధ్య దూరం 2.72 మీటర్లు. గరిమనాభి, అంటే బండి బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు, నేల నుంచి అర మీటరు ఎత్తున ఉందనుకుందాం. వేడెక్కిన మంచి సమ్మర్ టైరు పొడి తారు మీద తన మీద ఎంత బరువు ఉందో అంత బలంతో రోడ్డును పట్టుకుంటుందని, అంటే ఘర్షణ గుణకం 1 అని తీసుకుందాం.

త్వరణం పెరిగేకొద్దీ ముందు నుంచి వెనక్కి మారే బరువు పెరుగుతుంది. ఎంత మారుతుందో నిర్ణయించేవి నాలుగే: బండి బరువు, త్వరణం, గరిమనాభి ఎత్తు, ఇరుసుల మధ్య దూరం. ఈ జాబితాలో స్ప్రింగు లేదు, షాక్ అబ్జార్బర్ లేదు. పై అంకెలతో చూస్తే టైర్లు జారకుండా మీ కారు అందుకోగల త్వరణం హద్దు 0.56 జీ దగ్గర, అంటే భూమ్యాకర్షణ త్వరణంలో 56 శాతం దగ్గర తేలుతుంది. ఆ క్షణాన వెనక టైర్ల మీద దాదాపు 960 కిలోలు ఉంటాయి. అంటే ముందు నుంచి వచ్చి చేరింది సుమారు 180 కిలోలు.

ఇక ఇంజను వైపు చూడండి. గరిష్ఠ టార్కు, అంటే తిప్పే బలం, 570 న్యూటన్ మీటర్లు. మీది ఏ యాక్సిల్ రేషియోనో, అంటే వెనక ఇరుసు దగ్గర టార్కు ఎన్ని రెట్లు పెరుగుతుందో రాయలేదు కాబట్టి 3.55 అనుకుంటున్నాను. మొదటి గేరుతో కలిపితే ఆ టార్కు దాదాపు పదకొండున్నర రెట్లు అవుతుంది. టైరు వ్యాసార్థం 34 సెంటీమీటర్లు. గేర్లలో, వెనక చక్రాలకు బలాన్ని పంచే డిఫరెన్షియల్‌లో పోయేది తీసేసినా మొదటి గేరులో రోడ్డును వెనక్కి తోసే బలం సుమారు 1700 కిలోల బరువంత. టైర్లు జారకుండా రోడ్డుకు అందించగలిగింది 960. రెండో గేరులో కూడా ఆ బలం 1100 దాటుతుంది. మూడో గేరుకు వస్తే 750 దగ్గరికి దిగుతుంది. మూడో గేరులో ఏ ఇబ్బందీ లేదని మీరే రాశారు. మీ బండిలో లోపమేమీ లేదు, ఇంజను బలం టైర్ల పట్టును దాటిపోతోంది, అంతే.

ఇప్పుడు వర్క్‌షాపు సలహాను ఇదే లెక్కలో పెట్టి చూడండి. బండిని 25 మిల్లీమీటర్లు దించితే గరిమనాభి కూడా అంతే దిగుతుంది. అప్పుడు వెనక్కి చేరే బరువు సుమారు 11 కిలోలు తగ్గుతుంది, పెరగదు. బండిని దించడం మలుపులో మేలు చేస్తుంది, ఆ సంగతి వేరు. నేరుగా తొక్కేటప్పుడు మాత్రం నష్టమే, కాకపోతే చిన్న నష్టం. పోర్షే 911లో ఇంజను వెనక ఇరుసుకు వెనక ఉంటుంది, బరువులో 61 శాతం దాకా వెనకే పడుతుంది, ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లే. ఇవే టైర్లు, ఇదే ఎత్తు అనుకుని లెక్క కడితే దాని హద్దు 0.77 జీ దగ్గర వస్తుంది. మీ పక్కన 911 సిగ్నల్ దగ్గర నిశ్శబ్దంగా జారుకుని వెళ్ళిపోతే దానికి కారణం స్ప్రింగులు కాదు, ఇంజను ఉన్న చోటు.

మరి సస్పెన్షన్, అంటే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల అమరిక పని ఏమిటి? వెనక్కి వచ్చిన బరువు టైరు మీద ఎగుడుదిగుళ్ళు లేకుండా, నిలకడగా ఉండేలా చూడటం. రోడ్డు ఎప్పుడూ అద్దంలా ఉండదు. గతుకు వచ్చినప్పుడు చక్రం పైకి లేవాలి, గుంట వచ్చినప్పుడు వెంటనే కిందికి దిగాలి. టైరు మీద బరువు సగటున 480 కిలోలు ఉన్నా లాభం లేదు, అది క్షణక్షణం 300కూ 650కీ మధ్య ఊగుతుంటే 300 ఉన్న క్షణంలో టైరు జారిపోతుంది. ఒకసారి జారాక మళ్ళీ పట్టు దొరకడం సులువు కాదు. గట్టి స్ప్రింగు ఈ ఊగులాటను పెంచుతుంది. డ్రాగ్ రేసుల కార్లలో వెనక మెత్తగా ఉంచేది ఇందుకే.

బండి ఎంత కూర్చుంటుందన్నది స్ప్రింగు మీదే కాదు, వెనక ఆర్ముల, అంటే చక్రాన్ని బండికి కలిపే కడ్డీల అమరిక మీద కూడా ఆధారపడుతుంది. ఆర్ములు కొన్ని కోణాల్లో ఉంటే చక్రం ముందుకు తోసే బలంలో కొంత భాగం బాడీని పైకి ఎత్తి పట్టుకుంటుంది. దీన్ని యాంటీ స్క్వాట్ అంటారు. ఇది మరీ ఎక్కువైతే కూర్చోవడం తగ్గుతుంది కానీ, యాక్సిలరేటర్ తొక్కి ఉన్నంతసేపూ సస్పెన్షన్ బిగుసుకుపోయి గతుకులను మింగదు. అందుకే రోడ్డు కార్లు తయారుచేసేవాళ్ళు కొంత కూర్చోనిస్తారు. మీరు చూసి భయపడిన ఆ కూర్చోవడం చాలావరకు వాళ్ళు కావాలని ఉంచినదే.

అది లోపం అయ్యేది ఒకే ఒక్క సందర్భంలో, సస్పెన్షన్ కదలడానికి ఉన్న చోటు అయిపోయినప్పుడు. షాక్ అబ్జార్బర్ కడ్డీ చివర బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ ఉంటుంది. బండి కూర్చుంటూ కూర్చుంటూ దాని మీద వాలిందంటే స్ప్రింగు పని అక్కడితో ముగిసినట్టే. ఆ తరువాత వచ్చే ప్రతి గతుకూ చక్రాన్ని, బాడీని కలిపి ఎగరేస్తుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నా మొదటి ట్రాక్ కారు మొదటి తరం మాజ్డా మియాటా. కంటికి బాగుంటుందని ఒక దుకాణంలో అమ్మిన పొట్టి స్ప్రింగులు వేయించాను, బండి మూడు సెంటీమీటర్లు దిగింది. ఫోర్ట్ వర్త్ దగ్గరి ట్రాక్ మీద ఒక కుడి మలుపు చివర తారు అతుకు ఉండేది, బొటనవేలు మందం కూడా లేదు. అంతకు ముందు సంవత్సరమంతా దాని మీద తొక్కుకుంటూ వెళ్ళినవాణ్ణే. ఆ రోజు రెండో గేరులో తొక్కుతూ ఆ అతుకు మీదికి రాగానే వెనక భాగం ఎవరో కాలితో తన్నినట్టు పక్కకు ఎగిరింది. స్టీరింగు తిప్పేలోపే బండి గడ్డిలో వెనక్కి తిరిగి ఉంది. నాకు గానీ ఇంకెవరికి గానీ దెబ్బ తగలలేదు.

మియాటా ఇంజనుకు మీ ఇంజనులో మూడో వంతు బలం కూడా లేదు, అయినా చక్రాలు ఎందుకు విడిచాయో నాకు అర్థం కాలేదు. పిట్స్‌లో, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోట, ఒక పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని, వెనక షాక్ అబ్జార్బర్ మెరిసే కడ్డీకి సన్నని ప్లాస్టిక్ కేబుల్ టై ఒకటి చుట్టి, వేలితో కిందికి జరిపి, మూడు ల్యాపులు వేసి రమ్మన్నారు. తిరిగి వచ్చి చూస్తే ఆ టై కడ్డీ పైకంటా వెళ్ళి రబ్బరు దిమ్మలోకి కూరుకుపోయి ఉంది. దిమ్మ అంచున టై పళ్ళ ముద్రలు కూడా పడ్డాయి. అంటే ల్యాపులో చాలా భాగం నా కారు వెనక వైపు స్ప్రింగుల మీద కాకుండా రబ్బరు మీద నడిచింది. మరుసటి వారమే పాత స్ప్రింగులు తిరిగి ఎక్కించాను.

ఇంకో విషయం. విడివిడి సస్పెన్షన్ ఉన్న వెనక చక్రాలు బండి కూర్చునేకొద్దీ పై అంచులు లోపలికి వాలతాయి. బండిని దించి అలైన్‌మెంట్ చూపించకపోతే ఆ వాలు ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. నేరుగా తొక్కేటప్పుడు టైరు లోపలి అంచు మాత్రమే రోడ్డును గట్టిగా ఒత్తుతుంది. 275 వెడల్పు టైరుకు డబ్బు పెట్టి, దాన్ని సగం వాడుకోవడం అన్నమాట.

ఇక దడదడ సంగతి. దీన్ని వీల్ హాప్ అంటారు. మీరు వెంటనే పట్టించుకోవలసింది దీన్నే. ఒక్క సెకను దాన్ని నెమ్మదిగా ఊహించుకోండి. టైరు రోడ్డును పట్టుకుంటుంది. ఆ బలానికి వెనక ఆర్ముల కీళ్ళలోని రబ్బరు బుష్షులు, ఆ ఆర్ములను మోసే సబ్‌ఫ్రేమ్ అనే చట్రం బుష్షులు, చక్రాలను తిప్పే యాక్సిల్ షాఫ్టులు అన్నీ తాడులా మెలి తిరిగి బలాన్ని దాచుకుంటాయి. హద్దు దాటగానే టైరు జారుతుంది. జారగానే మెలి ఒక్కసారిగా విడిపోయి చక్రాన్ని ముందుకు విసురుతుంది. విసిరిన చక్రం మళ్ళీ రోడ్డును పట్టుకుంటుంది, మళ్ళీ మెలి. ఇది సెకనుకు పది పదిహేనుసార్లు జరుగుతుంది. చక్రం, హబ్బు, బ్రేకు కలిసి సహజంగా ఊగే వేగం కూడా ఇంచుమించు అంతే. అందువల్ల ఆ ఊగు ఆగకపోగా దెబ్బదెబ్బకీ పెద్దదవుతుంది. యాక్సిల్ షాఫ్టులు విరిగేది, డిఫరెన్షియల్ పళ్ళు రాలేది ఇలాంటప్పుడే. దడ మొదలైందని తెలిసిన క్షణాన కాలు తీసేయండి. తొక్కి దాటేద్దాం అనుకోకండి.

2014 దాకా మస్టాంగ్‌కు, 1999 నుంచి 2004 దాకా వచ్చిన కోబ్రా మోడళ్ళు తప్ప, వెనక ఒకే కడ్డీ ఇరుసు ఉండేది. 2015 నుంచి విడివిడి సస్పెన్షన్ వచ్చింది. సుఖం పెరిగింది, గతుకు రోడ్డు మీద పట్టు పెరిగింది. ఒకే కడ్డీ ఇరుసులో ప్రొపెల్లర్ షాఫ్టు తిప్పే బలానికి కుడి వెనక చక్రం తేలికయ్యే గుణం ఉంటుంది, ఇందులో అది కూడా పోయింది. కానీ మెలి తిరగడానికి రబ్బరు బుష్షులు ఎక్కువయ్యాయి. ఇది ఏ ఒక్క కంపెనీ సమస్యా కాదు, బలమైన ఇంజను, మెత్తని బుష్షు కలిసిన చోటల్లా ఉంటుంది. 2009లో వచ్చిన క్యాడిలాక్ సీటీఎస్-వీలో ఎడమ, కుడి యాక్సిల్ షాఫ్టులను కావాలనే వేర్వేరు లావుల్లో పెట్టారు. రెండూ ఒకే లయలో మెలి తిరగకపోతే ఊగు పెద్దది కాదు. ఎంత చక్కని ఆలోచన! స్ప్రింగులు గట్టిపరచకుండానే సమస్య మూలం మీద చేయి వేశారు.

మీ విషయంలో ముందు చేయవలసిన పని బండిని లిఫ్టు ఎక్కించి వెనక బుష్షులన్నీ చూపించడం. వాడిన కారు కాబట్టి అంతకు ముందున్నవాళ్ళు ఎలా తొక్కారో తెలియదు. చీలిన రబ్బరు ఉంటే మార్పించండి. బాగానే ఉండి కూడా దడ వస్తుంటే సబ్‌ఫ్రేమ్ బుష్షులకు గట్టి రకం వేయించుకోవచ్చు. లోపల కొంచెం మోత పెరుగుతుంది, అది ఒప్పుకోవలసిందే. షాక్ అబ్జార్బర్ నూనె కారుతుంటే దడ ఇంకా ఎక్కువవుతుంది. ఒకదానికి కారినా వెనక రెండూ కలిపి మార్చాలి.

జనవరి ఉదయాల సంగతికి జవాబు సులువు. సమ్మర్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే గట్టిపడుతుంది. అప్పుడు ఘర్షణ గుణకం 1 అన్న నా లెక్క చెల్లదు. పట్టు తగ్గితే త్వరణం తగ్గుతుంది, త్వరణం తగ్గితే వెనక్కి వచ్చే బరువూ తగ్గుతుంది, బరువు తగ్గితే పట్టు ఇంకా తగ్గుతుంది. వెనక చక్రాల కారుకు చలి, వాన రెండు వైపుల నుంచీ కోత పెట్టేది ఇందుకే. గాలి కూడా చూసుకోండి. టైరు ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారితే దాదాపు ఒక పీఎస్ఐ మారుతుంది. మధ్యాహ్నం ఎండలో నింపిన గాలి తెల్లవారుజామున తక్కువ చూపిస్తుంది, చల్లటి ఉదయం సరిచేసిన గాలి ట్రాక్ మీద మూడు నాలుగు ల్యాపులకే బాగా పెరిగిపోతుంది. ట్రాక్ దగ్గర గేజీ చేతిలో ఉండాలి, ప్రతి విడతకూ దిగగానే వేడి మీద కొలవాలి.

టైరు గురించి ఇంకొక్క మాట. పొడి రోడ్డు మీద టైరు అత్యధిక పట్టు ఇచ్చేది అస్సలు జారనప్పుడు కాదు, రోడ్డు వేగం కంటే పది పదిహేను శాతం ఎక్కువగా తిరుగుతున్నప్పుడు. అందుకే హద్దు దగ్గర సన్నని గరగర శబ్దం వస్తుంది. అది మంచి శబ్దమే. అది కీచుమని సాగిందంటే హద్దు దాటారు. ఆ పైన తొక్కిన కొద్దీ వేగం రాదు, రబ్బరు కాలుతుంది.

మలుపులో ఈ కథ ఇంకా చిక్కబడుతుంది. టైరుకున్న పట్టు ఒకటే, పక్కకు ఎంత వాడితే ముందుకు అంత తక్కువ మిగులుతుంది. మీరు వెళ్తున్న సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ 5.5 కిలోమీటర్ల ట్రాక్, 20 మలుపులు. అందులో రెండు మలుపులు మీ కారుకు పరీక్ష. మొదటి మలుపు ఎక్కుడు చివర, ట్రాక్‌లోకెల్లా ఎత్తైన చోట ఉంటుంది. అది దాటగానే దిగుడు. శిఖరం మీద బండి మొత్తం తేలికవుతుంది, దిగుడులో వెనక ఇరుసు మీద బరువు ఇంకా తగ్గుతుంది. సమతల రోడ్డు మీద అలవాటైనంత తొందరగా అక్కడ తొక్కితే వెనక భాగం తిరుగుతుంది. పదకొండో మలుపు ఎడమ వైపు గట్టి వంపు, దాని తరువాత కిలోమీటరుకు పైగా నేరు దారి. అక్కడ అందరికీ తొందర ఎక్కువ. స్టీరింగు ఎంత విప్పితే అంతే తొక్కాలి. చేతులకూ కుడికాలికీ మధ్య దారం కట్టి ఉందనుకోండి.

అలాంటి మలుపుల్లో లోపలి వెనక చక్రం తేలిపోతుంటుంది. మీ కారులో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది కాబట్టి బయటి చక్రానికి కొంత బలం అందుతుంది, కానీ లోపలి చక్రాన్ని పూర్తిగా గాలికి వదిలేస్తే అదీ ఏమీ చేయలేదు. ముందు భాగం మలుపు తిరగడం లేదని చాలామంది వెనక లావుపాటి యాంటీ రోల్ బార్ (మలుపులో బండి పక్కకు ఒరగకుండా పట్టే కడ్డీ) వేయిస్తారు. అది లోపలి చక్రాన్ని ఇంకా లేపుతుంది. మలుపులోకి వెళ్ళేటప్పుడు కలిసొచ్చింది మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు పోతుంది. మస్టాంగ్ లాంటి కారుకు నేనైతే వెనక బార్ ముట్టుకోను.

కుడికాలి విషయంలో మన హైదరాబాదులోనే ఒక చక్కని ఉదాహరణ జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచారు. అప్పటి ఆ కార్లకు ముందు చక్రాల దగ్గర కూడా మోటారు ఉండేది, కానీ అది బ్రేకు వేసేటప్పుడు కరెంటు వెనక్కి తీసుకోవడానికే. తొక్కేటప్పుడు 350 కిలోవాట్ల దాకా బలమంతా వెనక చక్రాలకే వెళ్ళేది. చక్రాలు జారకుండా బలాన్ని తనంతట తానే తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్‌కు అప్పుడు అనుమతి లేదు, టైర్లు వానకూ ఎండకూ ఒకటే రకం గట్టి రబ్బరు, దారి మామూలు నగర రోడ్డు. ఆ వీడియోలు దొరికితే డ్రైవరు ముఖం కాదు, మలుపు చివర స్టీరింగు ఎంత నెమ్మదిగా నిటారవుతుందో చూడండి. పాదం కూడా దానితో పాటే దిగుతుంది. ఒక్కసారిగా తొక్కితే బరువు వెనక్కి చేరకముందే బలం చేరుతుంది. బండి కూర్చోవడానికి సెకనులో కొంత భాగం పడుతుంది, ఆ కొంచెం సమయం ఇవ్వడమే నైపుణ్యం.

కాబట్టి మార్చి లోపు: బుష్షులు, షాక్ అబ్జార్బర్లు, అలైన్‌మెంట్ చూపించండి. స్ప్రింగులకు దాచిన డబ్బుతో మంచి టైర్లు వేయించండి, తయారీ తేదీ చూసి తీసుకోండి. ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ ఆపకండి, ముఖ్యంగా మొదటి రోజు. వీధిలో దేన్నీ పరీక్షించకండి. ట్రాక్ మీద మొదటి విడతంతా మూడో గేరులోనే మలుపుల నుంచి బయటికి రండి.

వెళ్ళేముందు వెనక షాక్ అబ్జార్బర్ కడ్డీ బయటికి కనిపిస్తుంటే దానికి కేబుల్ టై ఒకటి చుట్టండి. మొదటి విడత అయ్యాక అది బంప్ స్టాప్‌కు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఆగిందో కొలిచి ఇక్కడ రాయండి. స్ప్రింగుల సంగతి ఆ అంకె చూసి మాట్లాడుకుందాం.